నురుగు బిస్కెట్లు

మన్సూరాబాద్‌లో, గేటు మీద ఎర్ర రంగుతో 'జై తెలంగాణ' అని రాసి ఉన్న ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంట్లో రోజూ పొద్దున ఒక పని తప్పకుండా జరిగేది. పనిమనిషి అరుణమ్మ వెనక దొడ్లో అంట్లు తోమి గట్టు మీద బోర్లించేది. ఆమె చీపురు పట్టుకొని అటు వెళ్లగానే, ఇంటి పెద్దామె భారతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆ గిన్నెల మీద చల్లి, ఆ తర్వాతే వాటిని వంటింట్లోకి తీసుకుపోయేది.

అరుణమ్మ దళితురాలు. ఆ నీళ్లెందుకు చల్లుతున్నారని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. వాకిలి ఊడ్చినట్టు, దీపం పెట్టినట్టు అదీ ఒక ఇంటి పనే అయిపోయింది. చదువరులారా, మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అన్యాయాలు చప్పుడు చేయవు. అందుకే అవి అంతకాలం బతుకుతాయి.

భారతమ్మ కోడలు కృష్ణకుమారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరు. సమానత్వం గురించిన పాఠం ఆమె చెబితే పిల్లలు కదలకుండా వినేవారు. ఆమె భర్త మహిపాల్ సర్కారు ఆఫీసులో గుమస్తా. వాళ్లదీ, అరుణమ్మదీ నల్లగొండ జిల్లాయే. పక్క పక్క ఊళ్ల నుంచి పట్నం వచ్చి బతుకుతున్నవాళ్లు.

అవి తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బడులు బంద్, ఆఫీసులు బంద్, రోడ్డు మీద బస్సు లేదు. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. మహిపాల్ పొద్దున లేస్తే ఎల్బీ నగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరంలోనే ఉండేవాడు. "మనం అడిగేది ఉద్యోగాలొక్కటే కాదు, ఆత్మగౌరవం" అని మైకులో అతను చెప్పిన మాటలకు చప్పట్లు మోగేవి.

శిబిరం వాళ్లు ఒక ఆదివారం వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం ఆ నిరసన. ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి వండుకొని రావచ్చన్నారు. కృష్ణకుమారి కూతురు శృతికి కాలేజీ లేక పొద్దు పోవడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా కొన్న ఓవెన్ ఇంట్లో ఉంది. టీవీలో చూసిన మెరింగ్ కుకీలు చేద్దామని తల్లి వెంటబడింది.

"గుడ్డు తెల్లసొన, చక్కెర, అంతే అమ్మా. పచ్చసొన చుక్క పడ్డా పొంగదట. గిన్నెల తడి గూడ ఉండొద్దట."

"రోడ్డు మీద అందరు పులిహోర తెస్తరు. నువ్వు గివి తెస్తవా?"

"పిల్లలు తింటరు గదా!"

శనివారం మధ్యాహ్నం పని మొదలైంది. భారతమ్మ ఇంట్లో లేదు. తుర్కయంజాల్‌లో ఉన్న కూతురింట్లో ఆమెను మహిపాల్ పొద్దున్నే స్కూటర్ మీద దింపి వచ్చాడు. తల్లీ కూతుళ్లు గుడ్లు పగలగొట్టి, తెల్లసొన ఒక పెద్ద గిన్నెలో పోసి, నిమ్మరసం పిండి, మిషన్ పెట్టి గిలకొట్టారు. నురుగు అప్పుడప్పుడే తెల్లబడుతుండగా కరెంటు పోయింది.

"అమ్మా, ఆపొద్దు! ఆపితే మళ్ల నీళ్లయితది!" శృతి కంగారుపడింది.

తీగల కవ్వంతో చేత్తో తిప్పడం మొదలుపెట్టారు. కాసేపటికే శృతి చెయ్యి లాగింది. కృష్ణకుమారి భుజం పట్టేసింది. వెనక దొడ్లో బట్టలు ఆరేస్తున్న అరుణమ్మ గడప అవతల నిలబడి చూస్తోంది.

"అరుణమ్మా, జర నువ్వొచ్చి తిప్పవా?" అంది కృష్ణకుమారి.

"లోపటికి రానా అమ్మా?"

"రా రా. అత్తమ్మ లేదు."

తను అన్న మాటలో ఏముందో ఆ క్షణాన కృష్ణకుమారికి తట్టలేదు. అరుణమ్మ మాత్రం ఒక్క నిమిషం ఆగి, చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుతో తుడుచుకుని లోపలికి వచ్చింది. అన్నేళ్లలో ఆమె ఆ వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆగకుండా తిప్పింది. శృతి కొంచెం కొంచెంగా చక్కెర వేస్తూ పోయింది. నురుగు చిక్కబడి, మెరిసి, కవ్వం ఎత్తితే ముక్కుల్లాగా నిలబడింది.

"అయ్యిందో లేదో చూద్దాం" అని శృతి గిన్నెను అరుణమ్మ తల మీద బోర్లా తిప్పింది.

"అయ్యో, మీద పోస్తవా ఏంది పిల్లా!" అని అరుణమ్మ కేక పెట్టింది. చుక్క కూడా పడలేదు. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

కరెంటు వచ్చాక చిన్న చిన్న కుప్పలుగా పెట్టి, సన్నటి వేడి మీద చాలాసేపు ఎండనిచ్చారు. పైకి కరకరలాడుతూ, నోట్లో వేసుకుంటే కరిగిపోయే తెల్లటి బిస్కెట్లు తయారయ్యాయి. మిగిలిన పచ్చసొనలతో కృష్ణకుమారి రాత్రికి ఉల్లిగడ్డ పొరటు చేసింది.

మరునాడు ఎల్బీ నగర్ రోడ్డంతా జనం. పొయ్యిల పొగ, డప్పుల మోత, పాటలు. మధ్యాహ్నం రోడ్డు మీద పొడుగ్గా భోజనాల బంతులు వేశారు. బస్తీ ఆడవాళ్లతో వచ్చిన అరుణమ్మను కృష్ణకుమారే పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. శృతి డబ్బా పట్టుకుని అందరికీ బిస్కెట్లు పంచింది. "గివి ఇంట్ల చేసినయా? నోట్ల ఏస్తే మాయమైతున్నయ్!" అని పెద్దవాళ్లు కూడా మళ్లీ అడిగి తిన్నారు. టీవీ వాళ్లు వచ్చి కృష్ణకుమారి ముందు మైకు పెట్టారు.

"మాకు కులం లేదు, మతం లేదు. తెలంగాణ బిడ్డలం అందరం ఒక్కటే. చూడండి, ఒక్క బంతిల కూసొని తింటున్నం" అంది ఆమె, అరుణమ్మ భుజం మీద చెయ్యి వేసి.

ఆ మాట ఆమె కపటంగా అనలేదు. అన్నప్పుడు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. సాయంత్రం టీవీలో అది రాగానే చుట్టాలు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఆ రాత్రికే భారతమ్మ తిరిగి వచ్చింది.

సోమవారం పొద్దున భారతమ్మ చాయ్‌తో పాటు డబ్బాలో మిగిలిన బిస్కెట్లు రెండు తిన్నది. "గీ నురుగు బిస్కెట్లు మంచిగున్నయే కోడలా" అని మెచ్చుకుంది. కాసేపటికి అరుణమ్మ పనికి వచ్చింది. ముఖం నిన్నటి సంతోషంతోనే ఉంది. హాల్లో బల్ల మీద డబ్బా చూసి నవ్వుతూ దగ్గరికి వెళ్లింది.

"ఇంక మిగిలినయా అమ్మా? మా ఆయనకు జెప్పిన, నేనే గిలకొట్టిన అని. నమ్ముతలేడు. ఒకటి తీస్కపోయి సూపిస్త" అని మూత తీసి, చెయ్యి పెట్టింది.

"ఏయ్! డబ్బాల చెయ్యి పెట్టినవేందే!" భారతమ్మ అరిచింది. "ఎంత ధైర్యం! ఎక్కడుండాల్నో తెల్వదా?"

అరుణమ్మ చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. ఆమె భారతమ్మను చూడలేదు. కృష్ణకుమారి వైపు చూసింది.

"నానమ్మా, వాటిని చేసిందే అరుణమ్మ" అంది శృతి. "నువ్వు పొద్దున తిన్నవి గూడ ఆమె చేతివే!"

భారతమ్మ లేచి, అందరూ చూస్తుండగా వాకిట్లోకి పోయి నోరు పుక్కిలించి ఉమ్మింది.

అరుణమ్మ ఇంకా కృష్ణకుమారినే చూస్తోంది. తరగతి గదిలో గంటలు గంటలు మాట్లాడే కృష్ణకుమారి వాకిట్లో ఉన్న అత్త వైపు ఒకసారి చూసింది. చివరికి, "అడిగితే నేనే పెడుదును గద అరుణమ్మా" అంది మెల్లగా.

అత్తకు కోపం రాకుండా, అరుణమ్మకు నొప్పి కలగకుండా ఆమె వెతుక్కున్న మాట అది. కాని అది ఎవరి పక్షాన నిలబడిందో అక్కడున్న అందరికీ తెలిసింది. అరుణమ్మ ఖాళీ చెయ్యి వెనక్కి తీసుకుంది. దొడ్లోకి పోయి, ఉన్న అంట్లన్నీ తోమి బోర్లించి, చెప్పకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"పోనియ్, ఇంకొకామె దొరుకుతది. దీనికింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు మహిపాల్. ఆత్మగౌరవం గురించి మాట్లాడే ఆ గొంతుతోనే అన్నాడు. కృష్ణకుమారి భర్త ముఖంలోకి చూసి, తన ముఖం కూడా అట్లాగే ఉంటుందనుకుంది. శృతి తల్లితో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కూతురి ఎదుట తలెత్తలేకపోవడం ఎంత నరకమో ఆమెకు తెలిసివచ్చింది.

శిబిరం నడిపేది సీతారాములు అనే రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయనంటే ఆ కాలనీలన్నిటికీ గౌరవం. ఒకరోజు ఆయన కృష్ణకుమారిని శిబిరానికి పిలిపించాడు. "టీవీల మంచిగ మాట్లాడినవు బిడ్డా. వచ్చే ఆదివారం మహిళల సభల ఆత్మగౌరవం మీద నువ్వే మాట్లాడాలె" అన్నాడు.

"నాతోని కాదు సార్" అంటూనే కృష్ణకుమారి ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పింది.

ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. "నాకు జెప్తే ఏమొస్తది బిడ్డా? మాట పడ్డ మనిషి దగ్గరికి పోయినవా?"

ఆ సాయంత్రమే ఆమె అరుణమ్మ ఉండే బస్తీకి వెళ్లింది. అరుణమ్మ కుర్చీ వేసింది. ఎదురుగా తను గడప మీద కూర్చుంది.

"తప్పైంది అరుణమ్మా."

"పెద్దమ్మ మాట నాకు కొత్తగాదమ్మా. మా ఊర్ల పుట్టిన్నాటి సంది వింటున్న" అంది అరుణమ్మ. "గని గప్పుడు నేను నీ మొకం దిక్కు జూసిన. రోడ్డు మీద అందరం ఒక్కటే అన్నవు గదా, ఇంట్ల గూడ అంటవనుకున్న. నీ మాట నమ్మే డబ్బాల చెయ్యి పెట్టిన. నమ్మినందుకు నాకు సిగ్గైంది."

"మళ్ల పనికి రా. ఇగ గట్ల కాదు."

"వేరే ఇంట్ల పని దొరికింది. కోపంతోని అంటలేను. నీ ఇంట్ల అడుగు పెడితే మళ్ల నీ దిక్కే జూస్త. నువ్వు మళ్ల ఊకుంటే నేను తట్టుకోలేను."

కృష్ణకుమారి ఇంటికి వచ్చి అత్తను, భర్తను ఎదురుగా కూర్చోబెట్టింది. "ఇగ నుంచి మనింట్ల పని చేసే మనిషి మనతో పాటే తింటది, మన గిన్నెలల్లనే తింటది. గట్ల కాదంటే అంట్లు మనమే తోముకుందాం" అంది. భారతమ్మ గొణిగింది, రెండు పూటలు అన్నం మానేసింది. మహిపాల్ ఏదో అనబోయి ఆగిపోయాడు. మరునాటి నుంచి దొడ్లో అంట్ల ముందు కృష్ణకుమారే కూర్చుంది. శృతి వచ్చి పక్కన కూర్చుని కడగడం మొదలుపెట్టింది.

మహిళల సభ రోజున కృష్ణకుమారి మైకు ముందు నిలబడింది. బస్తీ ఆడవాళ్ల మధ్య అరుణమ్మ కూడా ఉంది. కృష్ణకుమారి ఆమె పేరు చెప్పలేదు. తన పేరు చెప్పింది. తన ఇంట్లో ఏం జరిగిందో, తను ఏం అనకుండా ఊరుకుందో దాచకుండా చెప్పింది. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు మెల్లగా దిగిపోయాయి. ఎంతోమంది తలలు వంచుకున్నారు. అరుణమ్మ మాత్రం తల వంచలేదు, నవ్వలేదు, ఆమెనే చూస్తూ కూర్చుంది.

కృష్ణకుమారి చివరి మాట చెప్పింది:

"అమ్మలారా, మన గౌరవం మనకియ్యమని ఢిల్లీని అడుగుతున్నం, అడగాల్సిందే. కాని మన ఇంట్ల పని చేసే మనిషికి మనం ఇయ్యని గౌరవాన్ని ఇంకొకరి దగ్గర అడగడానికి మనకు మొకం లేదు."