పైన రెండు బోల్టులు

మా లారీ గేర్‌బాక్స్ పోవడానికి కారణం నా ఎడమకాలేనని మా మామయ్య తీర్పు చెప్పేశారు. క్లచ్ సగమే తొక్కి గేరు మారుస్తానట. ఆ మాట ఇంట్లో అని ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్నేమో. టీ కొట్టులో అన్నారు, టైర్ల షాపులో అన్నారు, లోడు తూచే కాటా దగ్గర పదిమందీ ఉండగా అన్నారు. మర్నాడు నేను అటు వెళితే కాటా గుమాస్తా నవ్వి, "ఏమ్మా, కాలు నొప్పా?" అని అడిగాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆయన నడుం పట్టేసి స్టీరింగ్ వదిలేసిన దగ్గర్నుంచి, అంటే రెండేళ్ళుగా, కూరగాయల పెట్టెలు మార్కెట్‌కు చేరుస్తున్నది నేనే. ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. అయినా గేర్‌బాక్స్ పోగానే ఆ రెండేళ్ళూ గాలికి కొట్టుకుపోయాయి. "బండి బాగవగానే తాళం చిన్నాడికి ఇచ్చెయ్యమ్మా" అన్నారు మామయ్య. చిన్నాడంటే మా మరిది. మా ఆయన గోడకేసి చూస్తూ తలూపారు. ఈయన కూడానా అనిపించింది. బండి నడపడం తప్ప నాదంటూ ఇంకేముంది ఆ ఇంట్లో?

బండి నడపడానికి పనికిరాని దాన్ని, బాగుచేయడానికి మాత్రం పనికొచ్చాను. గ్యారేజీలో వారం పడుతుందన్నారు. అన్నాళ్ళు బండి రాకపోతే మార్కెట్ వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. మామయ్య ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేశారు కానీ, మోకాళ్ళు అరిగిపోయి కింద దూరలేరు. మరిదికి కొత్త చొక్కా. కాబట్టి ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు లారీని స్టాండ్ల మీదికి ఎత్తి, ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, గోనెపట్టా పరుచుకుని నేనే దూరాను. మామయ్య స్టూలు మీద కూర్చుని చెప్తున్నారు.

గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు ఎనిమిది బోల్టులు పట్టి ఉంచుతాయి. కింద రెండు, పక్కల నాలుగు. ఆ ఆరూ ఎలాగోలా విప్పాను. మిగిలిన రెండూ నడినెత్తిన, ఇంజిన్‌కూ క్యాబిన్ గోడకూ మధ్య. అక్కడికి చెయ్యి పోదు, చెయ్యి పోతే పానా పోదు, పానా పోతే తిరగదు. దాన్ని గీసిన ఇంజనీరు జన్మలో పానా పట్టి ఉండడు. పట్టి ఉంటే వాడికి సిగ్గుండాలి. ఎడమవైపు నుంచి ప్రయత్నించాను, మణికట్టు గీరుకుపోయింది. కుడివైపు నుంచి ప్రయత్నించాను, వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయింది. కళ్ళల్లో తుప్పు రాలింది.

గంట తర్వాత తోచింది. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, దాన్ని వెనక మోసే అడ్డకమ్మీ విప్పి, జాకీని మెల్లగా దించాను. ఇంజిన్ వెనక్కి వాలింది. పైన నాలుగు వేళ్ళ సందు దొరికింది. మూడు పొడుగు రాడ్లు ఒకదానికొకటి తగిలించి, చివర అటూ ఇటూ వంగే జాయింటు, దానికి సాకెట్ పెట్టి, గేర్‌బాక్స్ వీపు మీదుగా వెనక నుంచి తోశాను. అద్భుతంగా వెళ్ళింది. కానీ సాకెట్ దేన్నీ పట్టడం లేదు. తిప్పితే ఊరికే తిరుగుతోంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. నా గురి బాగాలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అవి అందవులే అమ్మాయ్" అన్నారు మామయ్య పైనుంచి. "వదిలెయ్. ఇప్పుడు గేర్‌బాక్స్ పెట్టెను వెనక్కి లాగు, అదే వస్తుంది."

నా చెయ్యి ఆగిపోయింది. రెండు బోల్టులు పట్టుకుని ఉండగా గేర్‌బాక్స్ ఎలా వస్తుంది? ముప్పై ఏళ్ళ మెకానిక్కు ఆ మాత్రం తెలియదా?

బయటికొచ్చి, మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, టార్చి పెట్టి చూశాను. పైన రెండు రంధ్రాలు. రెండింట్లోనూ గట్టిపడిన మట్టి. బోల్టులు లేవు. ఊడిపోయినవి కావు, అసలు పెట్టనే లేదు. ఆ గేర్‌బాక్స్‌ను అంతకుముందు విప్పి బిగించింది ఎవరో నాకు తెలుసు. నేను స్టీరింగ్ పట్టడానికి ఆర్నెల్ల ముందు, ఇదే చోట, మామయ్యే.

పెట్టెను లాగాను. ఆయన చెప్పినట్టే వచ్చేసింది. పైభాగం ఇంజిన్‌కు రాసుకుని రాసుకుని నున్నబడిపోయింది. ఒక రంధ్రం పక్కనుంచి జానెడు పగులు. పట్టు లేక ఊగి ఊగి లోపలి బేరింగు పిండైపోయింది.

"ఇది నా కాలు చేసిన పనేనా మామయ్యా?"

ఆయన పగులును వేలితో తడిమారు.

"ఈ మోడలుకి పైరెండూ ఎవరూ పెట్టరమ్మా. మా రోజుల నుంచీ అంతే. 'పైరెండూ దేవుడివి' అనుకుని ఆరు బిగించి పంపేస్తాం. ఏ బండికీ ఏమీ కాలేదు."

"దేవుడి వాటా దేవుడికి వదిలి, నింద నాకిచ్చారా?"

"ఇదే కారణమని నేననుకోలేదు."

"అనుకోలేదా, అనుకోదలచలేదా? పోనీ అది వదిలెయ్యండి. పొద్దుట్నుంచి నా చేతులు చూడండి. అక్కడ బోల్టులు లేవని తెలిసీ, స్టూలు మీద కూర్చుని తమాషా చూశారు కదా!"

ఆయన చూడలేదు. గొంతు తగ్గించి, "నా పనిపెట్టెలో గుడ్డలో చుట్టి ఉంటాయి, అవి పెట్టు" అన్నారు. వెళ్ళి చూశాను. రెండు బోల్టులు, తుప్పు మచ్చ కూడా లేకుండా ఉన్నాయి. పారేయడానికి మాత్రం ఆయనకు మనసొప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు ఎంత అసహ్యంగా ఉంటుందో, అంత అసహ్యంగా ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్ళీ కింద దూరాను.

పాత బళ్ళ షాపు నుంచి ముందే తెచ్చి ఉంచిన గేర్‌బాక్స్‌ను జాకీతో ఎక్కించి, వెనక వాల్చే ఉంచి, ముందు ఆ రెండింటి పనే పట్టాను. సాకెట్‌లో కాగితం ముక్క కుక్కి, బోల్టు జారకుండా బిగుతుగా కూర్చోబెట్టి, రాడ్లు తోసి, రంధ్రం దొరికేదాకా వేళ్ళతో తిప్పాను. మొదటిది నాలుగోసారికి పట్టింది. రెండోది రెండుసార్లు కింద పడింది. పట్టినప్పుడు మాత్రం ఆ రాడ్డు నా చేతిలో బిగుసుకోవడం తెలిసింది. ముప్పై ఏళ్ళు అందని బోల్టులు ఒక్క పూటలో అందాయి. అందకపోవడం కాదు, ఎవరూ అంత శ్రమ పడలేదు.

మిగతావీ బిగించి, షాఫ్టు తగిలించి, నూనె పోసి, స్టార్ట్ చేసేసరికి సాయంత్రం అయిదు. గేర్లు వెన్నలో కత్తిలా పడుతున్నాయి. అప్పుడొచ్చాడు మరిది, చొక్కా నలగకుండా. "వదినా, తాళం" అని చెయ్యి చాచాడు.

నేను మామయ్యను చూశాను. ఆయన దగ్గి, "మొదట్నుంచీ ఆ పెట్టే నాసిరకందిరా" అన్నారు.

నా కాలి తప్పు కాదు, ఆయన తప్పూ కాదు, పెట్టె తప్పు. ఇంత చూశాక కూడా! ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే కదా.

"తాళం ఇవ్వను" అన్నాను. "మామయ్యా, బండెక్కండి."

"ఎక్కడికి?"

"నా కాలి సంగతి ఎంతమందికి చెప్పారో, అంతమందికీ పైరెండు బోల్టుల సంగతి చెబుదురుగాని."

"ముప్పై ఏళ్ళ పేరమ్మా నాది" అన్నారు.

"రెండేళ్ళదే అయినా నాదీ పేరే."

మరిది చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఉన్న మా ఆయన ఈసారి గోడకేసి చూడలేదు. "వెళ్ళండి నాన్నా" అన్నారు. ఆయన ఇలా నా పక్షాన ఒక్క ముక్క మొన్న అని ఉంటే నాకింత కోపం ఉండేది కాదు.

మామయ్య అరిగిన మోకాళ్ళతో కష్టపడి ఎక్కారు. చెయ్యి అందించాను, ఆ మర్యాద నేను మానలేదు. టైర్ల షాపు ముందు ఆపాను. లోపల ఆరుగురున్నారు. ఓనరు లేచి నవ్వుతూ, "రండి మేస్త్రీ, కోడలు మళ్ళీ ఏం విరగ్గొట్టింది?" అన్నాడు.

ఆయన నావైపు చూశారు. నేను ఇంజిన్ ఆపేసి, కిటికీ అద్దం పూర్తిగా దించాను. ఆయన చెప్పేది ప్రతి అక్షరం నాకు వినబడాలి.