గ్యాసుల తరుగు

కమలాకర్ బానెట్ లేపి లోపలికి తల పెడితే, వీరేశం అతని చేతుల మీద కన్ను పెట్టిండు. ఆ చేతులు ఏం పీకుతున్నయో, పీకింది ఏడ పెడుతున్నయో చూసుడే ఆయన పని. కొత్తకోటల హైవే పక్కన, బండ్ల ఏసీలు బాగుచేసే రేకుల దుకాణం అది. కమలాకర్ పనిమంతుడని పేరు. పేరున్నోని కాడనే జర ఎక్కువ జాగ్రత్తగ ఉండాలనేది వీరేశం పద్ధతి.

కారు తొంబై ఐదు నాటిది. షాద్‌నగర్‌ల ఒక ముసలి డాక్టరు అమ్ముతుంటే వీరేశం కొన్నడు. కొన్ననాడే వెనుక సీట్లు పీకేసి, ఇనుప చట్రం బిగించి, ట్రేలు పట్టేటట్టు అరలు చేయించిండు. వీరేశం పట్టుపురుగుల పిల్లలను సాది రైతులకు ఇస్తడు. గుడ్లు తెచ్చి పొదిగించి, వారం పైన లేత మల్బరీ ఆకు మేపి, రెండో జ్వరంల ఉండంగ చేరేస్తడు. జ్వరమంటే రోగం కాదు. పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలకుండ ఉండి తోలు విడుస్తది చూడు, దానికి పట్టు రైతులు పెట్టిన పేరు. ఆ జ్వరం దిగేలోపు చల్లగ తీస్కపోయి కొత్త షెడ్డుల దించాలె. దారిల వేడి తగిలితే అప్పటికి బాగనే కనపడ్తయి. గూడు కట్టే వేళకు మెత్తబడి రాలిపోతయి.

అసొంటి కారుకు ఏప్రిల్ నెలల ఏసీ పోయింది.

"పాత గ్యాసు ఇగ దొరకదన్నా," అన్నడు కమలాకర్. "పన్నెండు నంబరుది బందయి ఏండ్లాయె. ఎవడన్న ఉన్నదంటే నమ్మకు, వంటగ్యాసు కొట్టి పంపుతడు. కొత్త గ్యాసుకు బండిని మార్చుకోవాలె."

"మార్చుడంటే?"

"కొత్తదానికి పాత నూనె పడదు. కంప్రెసరుల నూనె వంపాలె, లైన్లు కడగాలె, రబ్బరు రింగులు మార్చాలె, తడి పీల్చే డ్రయ్యరు మార్చాలె."

"గ్యాసు అయిపోతే గ్యాసు పొయ్యాలె గని, ఒళ్ళంత విప్పుడేందివయా?"

"చెప్తున్న గదనే. నీ ఇష్టం, విప్పమంటె విప్పుత, లేకుంటె తోలుకపో."

తోలుకపోయేటట్టు లేదు. ఎల్లుండి దేవరకొండ దిక్కు బాలనర్సమ్మకు పురుగులు చేరాలె. మొన్నమొన్నటిదాక పరాయి చేన్లల్ల పత్తి ఏరిన మనిషి, ఎకరం మల్బరీ పెట్టి, షెడ్డు లేపి, మొట్టమొదటి పంట ఎత్తుతున్నది. వీరేశం విప్పమన్నడు. విప్పిన ప్రతి సామానూ గోనెపట్టా మీద తన కండ్ల ముంగటనే పెట్టించిండు. పాత నూనె సీసల పోయించి, బయట వెలుతురుల ఎత్తి చూసిండు. నల్లగనే ఉంది. అయినా నమ్మబుద్ధి కాలె.

అన్నీ బిగించినంక కమలాకర్ ఒక మోటరు తగిలించి, బీడీ ముట్టించి కూసున్నడు. మోటరు ముప్పావు గంట గుర్రుమన్నది.

"ఏం నింపుతున్నవు?"

"నింపుతలేను, గుంజుతున్న. లోపట గాలి, తడి ఉండొద్దు."

"ముప్పావు గంట ఖాళీ చేసుడా! బాయి తోడుతున్నవా ఏంది?"

ఆఖరుకు గ్యాసు డబ్బా చిన్న కాంటా మీద పెట్టిండు. అంకెలు దిగుతుంటే వీరేశం మోకాళ్ళ మీద కూసోని చూసిండు. ఆరువందల యాభై గ్రాములు దిగంగనే కమలాకర్ మూత తిప్పిండు.

"అయ్యిందన్నా."

"ఏం అయ్యింది? బానెట్ కింద కాయితం సూడు. ఎనిమిది వందలని రాసుంది."

"అది పాత గ్యాసు లెక్క. కొత్తది తక్కువే పట్టాలె. వందకు ఎనభై చిల్లర."

"అంటే తరుగు తీస్తున్నవన్నట్టు!"

ఆ మాటకు కమలాకర్ పక్కున నవ్విండు. నవ్వకుండ ఉంటే బాగుండు. తరుగు వీరేశానికి నవ్వే ముచ్చట కాదు. పోయిన యాసంగిల వడ్లు కొనే సెంటరుకాడ తేమ అని కిలో, తాలు అని కిలో, సంచి బరువని ఇంకింత కోసిండ్రు. వాళ్ళ బాపు కృష్ణయ్య పత్తి అమ్మిన నాటినుంచి ఆ ఇంట్ల ఎవరూ కాంటా దిక్కు వీపు తిప్పి నిలబడింది లేదు. రాసింది ఒకటి, తూకమేసింది ఇంకోటి అయినకాడ మధ్యల ఒకడు తింటడు. ఇది వీరేశానికి తెలిసిన లెక్క.

"వడ్లు గావే ఇవి," అని కమలాకర్ గాలొచ్చే జాలిల థర్మామీటరు పెట్టి చూపిండు. ఎనిమిది డిగ్రీలు. చల్లగ ఉన్నది నిజమే. అయినా నూట యాభై గ్రాములు ఏడికి పోయినట్టు?

తెల్లారి వనపర్తిల ఇంకో దుకాణం కాడ కారు ఆపి, "నూట యాభై గ్రాములు కొట్టు," అన్నడు. ఆ దుకాణపాయన ఎందుకని అడగలె. తూచి కొట్టిండు. వీరేశం పానం చల్లబడ్డది. నా ఎనిమిది వందలు నాకొచ్చినయి, ఇగ కమలాకర్ గాడు నవ్వుకోనీ అనుకున్నడు.

పురుగులు అన్నీ జ్వరంలకు పోయేసరికి మూడోనాడు పొద్దుగాల ఏడు దాటింది. పన్నెండు ట్రేలు అరలల్ల పెట్టి బయలెల్లిండు. కల్వకుర్తిదాక కారు లోపల చలికాలమే. ట్రేల మధ్యల వేలాడేసిన థర్మామీటరు ఇరవై ఆరు మీద నిలబడ్డది. కల్వకుర్తి దాటి దేవరకొండ రోడ్డు ఎక్కినంక, పది కావస్తుండంగ, ముందు దిక్కు టక్కుమన్నది. జాలిలకెల్లి వేడి గాలి కొట్టింది.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. వీరేశం కారు పక్కకు ఆపి బానెట్ లేపి, ఏం చూడాల్నో తెల్వక అన్నిటినీ చూసిండు. కమలాకర్‌కు ఫోన్ చేసిండు.

"గదేం పని చేసినవయా! దారిల బందైంది."

"బందైతదా? ఎవరితోనన్న మళ్ళ గ్యాసు కొట్టించినవా?"

"లేదు."

"నిజం చెప్పన్నా."

వీరేశం థర్మామీటరు దిక్కు చూసిండు. ముప్పై. "నూట యాభై," అన్నడు.

ఫోన్ల కమలాకర్ ఊపిరి గట్టిగ వినపడ్డది. "కొత్త గ్యాసుకు ప్రెషర్ ఎక్కువే. లోపట జర జాగా ఉంచితేనే ఆడుతది. నువ్వు గొంతుదాక నింపినవు. ఎండెక్కంగనే ప్రెషర్ పెరిగి స్విచ్చు కట్ చేసింది. అది కట్ చెయ్యకపోతే పైపు పగులు."

"గ్యాసు నింపే మూతల పిన్ను ఒత్తి నేనే ఇంత ఇడుస్త."

"చెయ్యి పెట్టకు! చేతి తోలు ఊడుతది, గ్యాసుతోటి నూనె గూడ పోతది. రేడియేటర్ ముంగట ఏసీ జాలి ఉంటది, దాని మీద నీళ్ళు కొట్టు. చల్లబడితే ప్రెషర్ దిగి మళ్ళ లేస్తది. ఇంజను మీద పొయ్యకు. నలభై దాటకుండ తోలు. దారి పొడుగునా నీళ్ళు పోసుకుంట పో."

"కాగిన జాలి మీద నీళ్ళు పోస్తే పగలదా? పగిలితే కొత్తది నీ కాడనే కొనాలె గదా?"

"అయితే పొయ్యకు," అన్నడు కమలాకర్. "పురుగులు నీయి. ఎండ గూడ నీదే." ఫోన్ పెట్టేసిండు.

వీరేశం నడి రోడ్డు మీద నిలబడ్డడు. నీళ్ళ సంగతి వాడు కావాలనే చెప్పిండా? తన మీద కోపం తీర్చుకుంటుండా? మొన్న నవ్విన నవ్వు యాదికొచ్చింది. వెనుక తలుపు సందుల చెయ్యి పెట్టి చూస్తే ముప్పై ఒకటి. మళ్ళ చూడబుద్ధి కాలె. రోడ్డు పక్క మిరపతోటల బోరు పోస్తున్నది. కాయ ఏరుతున్న ఆడామెను అడిగి రెండు డబ్బాలు తీసుకున్నడు. కాలువల మోకాళ్ళదాక దిగి ముంచుకొచ్చి, కండ్లు మూసుకుని ఆ జాలి మీద కొట్టిండు. సర్రున ఆవిరి లేచింది. పగిలిన సప్పుడు మాత్రం రాలె. రెండో డబ్బా, మూడోది, నాలుగోది. ఇంజను తిప్పినంక టక్కుమన్నది. ఆ సప్పుడు వెనుకనే చల్లగాలి వచ్చింది.

అక్కడినుంచి ప్రతి పది కిలోమీటర్లకు ఆగి నీళ్ళు పోసుకుంటనే పోయిండు.

షెడ్డు గడప ముంగట సున్నం చల్లి, బాలనర్సమ్మ కొంగు నడుముకు చెక్కుకుని నిలబడి ఉంది.

"పదికొస్తనంటివి. ఒంటి గంటాయె. ఏమైంది తమ్మీ?"

"టైరు పంచరైంది అక్కా."

ఆమె అతని కాళ్ళ దిక్కు చూసింది. "పంచరైతే మోకాళ్ళదాక బురదెందుకైంది?"

వీరేశం ఇగ దాచలె. చెప్పిండు. గ్యాసు సంగతి, వనపర్తి సంగతి, థర్మామీటరు సంగతి. "ముప్పై ఒకటిదాక ఎక్కింది. అరగంట ఉన్నదేమో."

"నేనడగకపోతే చెప్పేటోనివేనా?"

వీరేశం పోయి కారు వెనుక తలుపు తెరిచిండు.

"దించు," అన్నది బాలనర్సమ్మ. "దించి పోతనంటే కుదరదు. జ్వరం దిగి ఆకు ఎక్కేదాక ఈడనే కూసో. చేతులు ఇంకోసారి కడుగు."

నాలుగు గంటలకు పురుగులు మెసిలినయి. ఆమె సన్నగ తరిగిన ఆకును ట్రేల మీద జల్లింది. ఇద్దరూ వంగి చూసిండ్రు. మొదటి ట్రేల నల్లటి తలలు అటూ ఇటూ ఆడి, ఆకు అంచు పట్టుకున్నయి. రెండోది ఎక్కింది, మూడోది ఎక్కింది. వెనుక అద్దానికి ఆనుకుని వచ్చిన ట్రేల మాత్రం సగం పురుగులు ఆకు కిందనే పడుకున్నయి.

"ఎక్కుతయా అక్కా?"

"నన్నడుగుతవేంది? కాంటా పెట్టి తూచిన మొనగానివి నువ్వు."

ఎండ వాలేదాక చూసిండ్రు. ఇంకిన్ని ఎక్కినయి, అన్నీ ఎక్కలె. బాలనర్సమ్మ ఆ ట్రేను ఎత్తి, మిగిలినవాటికి తగలకుండ అవతలి మూలకు వేరే బల్ల మీద పెట్టింది. దాని అంచుకు ఎర్ర గుడ్డపేలిక కట్టింది.

"రోగముంటే అన్నిటికీ అంటుకుంటది. ఇది గూడు కట్టేదాక నిన్ను నమ్మ," అన్నది. "రెండు రోజులకోసారి వచ్చి దీని పెంటికలు నువ్వే తియ్యి. సచ్చినవి ఏరుడు గూడ నువ్వే."

కొత్తకోటనుంచి రానూ పోనూ ఎంత దూరమో వీరేశానికి తెలుసు. ఏదో అనబోయి, మూలకున్న ట్రే దిక్కు చూసిండు.

"ఎల్లుండి పొద్దుగాల వస్త," అన్నడు.

"ఎన్నింటికి?"

"పదింటికి."

"చూస్త," అన్నది ఆమె.