నీళ్ళు తీసిన చేను

"చేలో నీళ్ళు నిలబడితే తీసెయ్యక, దండం పెట్టి రమ్మంటావా?" అన్నాడు అబ్బాయిరాజు.

ఈ మాట ఆయన నిన్న సాయంత్రం నుంచి అంటూనే ఉన్నాడు. మొదట అన్నప్పుడు గొంతులో కంగారు ఉంది. ఇప్పుడు కోపం వచ్చి చేరింది.

"తీయొద్దని కోడలు చెప్పే వెళ్ళింది కదండీ," అంది రత్నమాణిక్యం, వంకాయలు తరుగుతూ.

"చెప్పింది. చేను చేనంతా కళ్ళ ముందు మునిగి కనపడుతుంటే చెప్పిన మాట ఎక్కడ గుర్తుంటుందే?"

"మిమ్మల్ని పంపిందే కాపలాకి."

"కాపలా అంటే చేనుకి అనుకున్నాను. నీళ్ళకి కాపలా అనుకున్నానా?"

హాల్లో కూర్చున్న జయంత్ ఫోన్లోంచి తల ఎత్తకుండా నవ్వాడు. "నాన్నగారూ, ఇంక వదిలెయ్యండి. జరిగిందేదో జరిగింది. ఆ బుల్లిరాజు గారికి చెరువుకి ఇచ్చేస్తే అందరికీ నిద్ర పడుతుంది."

పెరట్లో కుసుమ బట్టలు ఆరేస్తోంది. ఈ మాటలన్నీ ఆమెకి వినపడుతూనే ఉన్నాయి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి సంగతి విన్నప్పుడు ఆమె "సరేనండి మావయ్య గారూ" అంది. ఆ తరవాత ఇంకేమీ అనలేదు. వాదించి ఉంటే అబ్బాయిరాజుకి కాస్త తెరిపిగా ఉండేది.

ఆ చేను ముదినేపల్లి పక్కన ఉంది. పెళ్ళిలో రత్నమాణిక్యానికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చినది. ఏలూరులో ఇల్లు కట్టుకుని వచ్చేసినా ఆ చేను ఆమె పేరునే ఉండిపోయింది. తమ్ముడు రామభద్రరాజు ఉన్నన్నాళ్ళూ తన చేనుతో పాటు అదీ చూసేవాడు. ఈలోగా చుట్టూ ఒక్కొక్క చేనే చేపల చెరువైపోయింది. ఆ చెరువుల ఊట ఈ చేలోకి దిగుతుంది. వరి కోశాక మినుము చల్లితే మొలిచినట్టే మొలిచి, వేరు కుళ్ళి పోతోంది. మొన్న చలికాలంలో రామభద్రరాజు పోయాడు. ఇక చూసేవాళ్ళు లేరు కదా, మాకు కౌలుకి ఇచ్చెయ్యండి, పొక్లెయిన్ పెట్టి చెరువు తవ్వుకుంటాం అని కలిదిండి బుల్లిరాజు కబురు మీద కబురు పెడుతున్నాడు.

ఇచ్చేద్దామన్నాడు జయంత్. ఒక్క పంట ఆగమంది కుసుమ. వ్యవసాయ కాలేజీలో ఆమె పరిశోధన సోయా చిక్కుడు మీద. నీళ్ళు నిలబడినా చావని సోయా కావాలి, దానికి ఇలాంటి ఊట చేనే కావాలి, ఇక్కడ నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది అని అడిగింది. ఆ ఒక్క పంటే ఈ తొలకరికి వేసినది.

అదేమిటో రత్నమాణిక్యానికి వంటింట్లో నిలబడి చెప్పింది కూడా. ఒక తల్లి మొక్క నీళ్ళని ఓర్చుకుంటుంది, కాయ మాత్రం పలచన. ఇంకొకటి విరగకాస్తుంది, నీళ్ళు తగిలితే చాలు వాడిపోతుంది. ఆ రెండిటినీ కలిపితే పుట్టిన పిల్లల్లో ఏ పిల్లకి ఎవరి గుణం వచ్చిందో చూడాలి. ఒక్కో సాలు ఒక్కో పిల్ల.

"మా ఇంట్లో ముక్కులు చూసినట్టా?" అంది రత్నమాణిక్యం అప్పుడు.

"అంతేనండి. కాకపోతే ముక్కు పైకి కనపడుతుంది. ఇది కనపడదు. వారం పైన నీళ్ళలో ఉంచి తీస్తేనే ఏది చస్తుందో ఏది తేరుకుంటుందో తెలిసేది."

మొక్కలు ఎదిగాక కుసుమ చేలో నీళ్ళు పెట్టించి, కాపలా మావగారికి అప్పజెప్పి, తాడేపల్లిగూడెం కాలేజీకి వెళ్ళింది. రెండో రోజు పొద్దున్నే అబ్బాయిరాజు చేను చూడ్డానికి వెళ్ళాడు. ఆ పక్కల మినుములో వాన నీళ్ళు నిలిస్తే అది ఎవరి చేనని ఎవరూ అడగరు. ముందు చూసినవాడు పార తెచ్చి గట్టు కొట్టేస్తాడు. తరవాత ఆ చేను ఆసామి ఎదురుపడితే కాఫీ ఇప్పిస్తాడు. అబ్బాయిరాజు కేకేస్తే, చేలో కూలికొచ్చే సూర్రావు పార పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి మురుగు కాలవ వైపు గండి కొట్టారు. మధ్యాహ్నానికి చేను ఆరింది. ఆయన ఏలూరు వచ్చి, చేను కాపాడానని సంతోషంగా చెప్పాడు.

ఇంట్లో ఈ మాటలైన మర్నాడు చేను చూడ్డానికి కుసుమతో పాటు రత్నమాణిక్యం కూడా బయలుదేరింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గరా ఏమీ లేదు. బస్సు కొల్లేరు మీదుగా వెళుతుంటే గూడకొంగల్ని చూసింది. ముదినేపల్లిలో తమ్ముడి వీధి మొగ కనపడితే దాన్నీ అలాగే చూసింది. పెద్దకర్మ తరవాత ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. కర్మ నాడు అందరూ ఆవిడ ఎంత గట్టిగా ఉందో అనుకున్నారు. గట్టిగా ఉండడానికి తనేమీ చెయ్యలేదని ఆమెకి తెలుసు.

చేను నిగనిగలాడుతోంది. ఒక్క మొక్క పోలేదు. మూడు పక్కలా చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు కొడుతున్నాయి. కుసుమ ఒక మొక్కని పీకి, కాండం మొదట్లో పైకి వచ్చిన తెల్లటి పిల్లవేళ్ళు చూపించింది.

"ఊపిరి కోసం వేస్తుందండి ఇవి."

"అయితే ఇది గట్టిదేగా?"

"చెప్పలేమండి. రెండు రోజుల్లో చాలా మొక్కలు వేస్తాయి. ఆ తరవాతే ఉంటుంది అసలు సంగతి." కుసుమ ఆ మొక్కని గట్టు మీద పెట్టింది. "ఎవరిది బలమో తెలియకుండా అన్నీ బతికేశాయి."

"మళ్ళీ నీళ్ళు పెట్టెయ్."

"పెట్టినా లాభం లేదు అత్తయ్య గారూ. ఒకసారి మునిగి తేరుకున్న మొక్క కాస్త అలవాటు పడుతుంది. ఈసారి నిలబడితే అది పుట్టుకతో వచ్చిన ఓపికో, మొన్నటి నీళ్ళు నేర్పినదో ఎలా తెలుస్తుంది? వరిలో అయితే ఒక్క జీన్‌తోనే చాలా పని జరుగుతుంది. సోయాలో అలా కాదు, ఇక్కడో చిటికెడు, అక్కడో చిటికెడు. నీళ్ళకి చచ్చే తల్లి నుంచి కూడా పిల్లకి ఎంతో కొంత రావచ్చు."

"ఆ చచ్చేదాని నుంచా?"

"ఆఁ. తనకి చాలదు. పిల్లకి పనికొస్తుంది."

రత్నమాణిక్యం చేను వంక చూస్తూ నిలబడింది. తన చేను చెరువవుతుందంటే బాధ కలగాలి. కలగలేదు. ఈ పిల్ల కష్టం పోయిందంటే అయ్యో అనిపించాలి. అదీ నోటి దాకా రాలేదు. ఎండ మాత్రం వీపు మీద చురుక్కుమంటోంది.

"విత్తనం పోయినట్టేనా?"

"లేదండి. అన్నీ బతికాయిగా, అన్నీ కాస్తాయి. విత్తనానికి లోటు లేదు. ఏడాదే పోయింది." కుసుమ చేతులు దులుపుకుంది. "ఇంకో ఏడాది అడిగే మొహం నాకు లేదు. మీ అబ్బాయి ఒప్పుకోరు."

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అబ్బాయిరాజు రోజూ అడిగే రెండో గరిటె పప్పు అడగలేదు. బుల్లిరాజు గారు మళ్ళీ ఫోన్ చేశారనీ, పొక్లెయిన్ ఖాళీగా ఉందనీ, సోయా కోసెయ్యగానే దింపుతానంటున్నారనీ జయంత్ చెప్పాడు.

"అమ్మా, నీ సంతకం ఒక్కటే. ఏమంటావు?"

కుసుమ తల వంచుకుని అన్నం కలుపుతోంది. రత్నమాణిక్యం అందరికీ మజ్జిగ పోసి, గిన్నె కింద పెట్టింది.

"చెరువుకి ఇవ్వడం లేదని చెప్పు," అంది.

"ఈ ఏడాదా?"

"ఈ ఏడాదీ, పై ఏడాదీ. వచ్చే తొలకరికి కుసుమ మళ్ళీ వేస్తుంది. నీళ్ళు పెట్టిన నాటి నుంచి తీసే దాకా నేను ముదినేపల్లిలో మా మరదలి దగ్గర ఉంటాను. పొద్దునా సాయంత్రం గట్టు మీదికి నేనే వెళతాను."

అబ్బాయిరాజు నెమ్మదిగా అడిగాడు, "మరి నన్నేం చెయ్యమంటావే?"

"మీరు ఇక్కడే ఉండండి," అంది రత్నమాణిక్యం. "సూర్రావుకి కూడా నేనే చెబుతాను."