కాంటా దూలం

ఆ రోజు చంద్రమౌళి నోటికి తాళం వేసేవాళ్ళే లేకపోయారు. మూతపడ్డ బట్టల మిల్లు నుంచి రైల్వే గూడ్స్ షెడ్డు దాకా ఒకప్పుడు బేళ్ళు మోసే ట్రాలీల పట్టాలుండేవి. ఆ దారి ఆనవాళ్ళు వెతుకుదామని కాలేజీ లెక్చరర్ లావణ్య పదిమందిని వెంటేసుకొచ్చింది. తాతల కాలం నుంచి మిర్చి వ్యాపారం, వరంగల్‌లో నాకు తెలియని సందుందా అని ఈయన ముందు నడిచాడు.

మురుగు పారే మోరీ పక్కన మూరెడు పట్టా దొరికింది. ఆ తర్వాత ఏమీ లేదు. కట్టమ్మ ఇంటి గుమ్మం ముందు మాత్రం ఒక ముక్క మెట్టుగా ఉంది. ఆమె పెనిమిటి మిల్లులో హమాలీ, పోయి చాలా కాలమైంది.

"చూసిన్రా? దొంగతనంగ పీక్కొచ్చి కాళ్ళ కింద ఏసుకున్నరు. ఇసొంటోళ్ళ వల్లనే ఏం మిగల్లే" అన్నాడు చంద్రమౌళి, వాడకట్టంతా వినేలా.

బియ్యం చెరుగుతున్న కట్టమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. చేట పక్కన పెట్టి లోపలికి పోయింది.

"పోదాం పదండి అంకుల్" అంది లావణ్య ఇబ్బందిగా.

ఎండ ముదరడంతో అందరినీ చాయ్‌కి తన కొట్టుకు తీసుకుపోయాడు. మిర్చి బస్తాలు తూచే కాంటా వేలాడే దూలం కింద కూర్చోబెట్టాడు. ఏటా దసరాకు ఆ కాంటాకూ దూలానికీ పసుపు రాసి బొట్టు పెట్టేది ఆయనే. పసుపూ రంగూ పేరుకుపోయిన ఆ ఇనుమును ఏనాడూ పట్టించుకుని చూసింది లేదు.

లావణ్య చాయ్ తాగుతూ పైకి చూసింది. గబుక్కున తల దించుకుంది. ఏముందా అని చంద్రమౌళీ చూశాడు. పొద్దున మోరీ పక్కన అందరికీ తడిమి చూపించినలాంటి పట్టానే అది. ఒకటి కాదు, కొట్టు పొడుగునా అవే.

ఛీ, ఎంత సిగ్గు! ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు ఆయనకు.

సాయంత్రం ఒక్కడే కట్టమ్మ ఇంటికి వెళ్ళాడు.

"తప్పయింది అక్కా. మా కొట్టుల గూడ అవే ఉన్నయ్."

"ఎరుకే సేటు. మీ నాయిన తెప్పిస్తే దూలాలకు ఎక్కిచ్చింది మా ఇంటాయనే. మిగిలిన ముక్క మీ నాయినే ఇచ్చిండు."

"మరి పొద్దుగాల అందరి ముంగట ఎందుకు చెప్పలే?"

"సచ్చిపోయిన మీ నాయినను దొంగ అని ఎట్ల అంటం?" అంది కట్టమ్మ. "లోపలికి రా, ఆడనే నిలవడ్డవేంది?"

ఆయన కాలు ఆ మెట్టు మీదికి లేవలేదు. అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. పొద్దుటి మాట విన్నవాళ్ళే అందరూ. తప్పు నాది అని వాళ్ళు వినేలా ఒక్క మాట అంటే చాలు. పొద్దున అంత పెద్దగా లేచిన గొంతు ఇప్పుడు పెగల్లేదు.