ముప్పయ్యో రోజు సీసాలు

"రైల్వేకి మైలేటి? మొగోడి డ్యూటీ ఆగుద్దేటి?" అంటూ కుసుమకుమారి కొడుక్కి టిఫిను డబ్బా అందించింది. దినకర్ సైకిలెక్కి వర్క్‌షాపుకి వెళ్ళిపోయాడు. ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం గడప దాటకే. దాయాదోడు పోయి ఇయ్యాలకి నాలుగో రోజే. మైల పది రోజులు."

పోయినాయన మామగారి పినతండ్రి కొడుకు. పలాసలో ఉండేవాడు. హరిణి ఆయన్ని ఫొటోలో కూడా చూడలేదు. మైల దేవుడి గదికి పట్టింది, ఆమె ఉద్యోగానికి పట్టింది, వంటింటికి మాత్రం పట్టలేదు. పరామర్శకి వచ్చిన దాయాదులందరికీ మూడు రోజులుగా ఆమే వండి వడ్డించింది. అంట్లు తోముతున్నా మనసంతా ఇండస్ట్రియల్ పార్కులోని ల్యాబులోనే ఉంది. అక్కడ నలభై అయిదు డిగ్రీల వేడిలో పన్నెండు సీసాలున్నాయి. పగటి సోలారు కరెంటును దాచిపెట్టే పెద్ద బ్యాటరీ ట్యాంకుల్లో పోసే వెనేడియం ద్రవం వాటిలో ఉంది. ఇక్కడి ఎండలకి అడుగున ఎర్రటి మడ్డి కట్టి పైపులు మూసుకుపోతున్నాయి. మడ్డి కట్టకుండా అందులో ఏం కలపాలో, ఎంత కలపాలో హరిణి ఏడాదిపాటు వెతికి పట్టుకుంది. ఇరవై తొమ్మిది రోజులు ద్రవం తేటగానే నిలిచింది. ఈ రోజు ముప్పయ్యోది.

ఫోను మోగింది. ల్యాబులో ఆమె కింద పనిచేసే అనిల్ కుమార్.

"అక్కా, ఎక్కడున్నావు? మూడ్రోజులు నేను సూసినాను గానీ, ఇయ్యాల వడగట్టి, తూసి, సంతకం పెట్టాల్సింది నువ్వే. పన్నెండు గంటల్లోపల రాకపోతే ట్యాంకుల్లో పాత సరుకే పోసెయ్‌మంటన్నాడు మన బెంగాలీ మేనేజరు దాదా. 'దీదీ ఇంట్లో రోజూ ఏదో ఒకటే కదా' అని నవ్వుతన్నాడు."

తొమ్మిదింపావు. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. మొన్న మాఘమాసంలో, నిమ్‌పురాలోని పుట్టింట్లో అమ్మ పోయిన నాలుగో రోజు పొద్దున, ఇలాగే ఫోను మోగింది. "పెళ్ళయిన ఆడపిల్లకి తల్లి మైల మూడ్రోజులే, తెలీదేటి? వచ్చెయ్. దినకర్‌కి తిండి ఇబ్బందవతంది," అంది అత్తగారు. హరిణి వచ్చింది. తలస్నానం చేసి పోపు పెట్టింది. ఏడవడానికి ఈ ఇంట్లో ఆమెకి చోటు దొరకలేదు.

పొయ్యి కట్టేసింది. చీర మార్చుకుని ఐడీ కార్డు మెడలో వేసుకుంది.

"ఏటే, ఎక్కడికే? నలుగురూ ఏటనుకుంటారు?" కుసుమకుమారి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

హరిణి ఆ చేతిని తొయ్యలేదు. గొంతు పెంచలేదు.

"మా అమ్మకి మూడ్రోజులు సాలన్నావు, అత్తా. ఆ పోయినాయనకీ మూడ్రోజులు చేసినాను. మా అమ్మ కన్నా ఎక్కువ ఎవరికీ చెయ్యను."