చేసినవారి పేరు

ఫిబ్రవరి పదకొండో తేదీన ఆమె పొద్దున్నుంచి తిన్నది ఒక అరటిపండు, సగం బన్ను. తక్కిన సగం కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంటూ ఉండగానే కిటికీ అవతలి నుంచి గుమాస్తా పిలిచాడు. ఆ తేదీ ఆమెకి తర్వాత చాలా ఏళ్లు గుర్తుండిపోయింది. ఆ సగం బన్ను ఏమైందో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

పశువైద్య కళాశాల ఆఫీసు ముందు ఆమె అప్పటికి రెండు గంటలుగా నిలబడి ఉంది. వరుసలో ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఒకమ్మాయి ఆమెని ఎవరి తల్లో అనుకుని, "ఆంటీ, మీ అబ్బాయి రాలేదా?" అని అడిగింది.

"నేనే ఆ అబ్బాయిని" అంది ఆమె.

ఆ పిల్ల నాలుక కరుచుకుని, గోడకి ఆనుకోవడానికి తన చోటు ఇచ్చింది.

ఆమెకి ముప్పైయేడేళ్లు. పన్నెండేళ్లుగా పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. అందరూ దూడలమ్మ అంటారు. అడ్డం తిరిగిన దూడని తల్లి కడుపులోనే సరిచేసి ప్రాణంతో బయటికి తీయడంలో ఆమె చెయ్యి అలాంటిది. ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసం ఉంచిన ఒకే ఒక్క డాక్టరు సీటు ఈ ఏడు ఆమెకి వచ్చింది. చదువు ఐదేళ్లు. శాఖ ఇచ్చే సెలవు నాలుగేళ్లు, అదీ సగం జీతం మీద, నెలకి పదకొండు వేలు. ఐదో ఏడు పనిలోకి రాకపోతే ఉద్యోగం పోతుంది. దారి ఒక్కటే. పని చేతికి వచ్చినవాళ్లకి మొదటి ఏడాది పాఠాల నుంచి మినహాయింపు ఇస్తారు. స్వయంగా చేసిన కేసులు వంద చూపించాలి. ఆమె చేసినవి రెండు వేలు దాటాయి. అందుకే ఆసుపత్రి పుస్తకాలు మూడు గోనెసంచిలో పెట్టుకుని, చంటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

గుమాస్తా కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పాడు.

"రాత ముత్యాల్లా ఉందమ్మా. ఎవరిది?"

"నాదేనండీ."

"మరి మీ పేరేదీ?"

పుస్తకంలో ఆఖరి గడి మీద 'చేసినవారి పేరు' అని అచ్చేసి ఉంది. దాని కింద పేజీ తర్వాత పేజీ ఆసుపత్రి డాక్టరుగారి పేరే. ఆమె గుండ్రటి చేతిరాతలో.

అది ఆ ఆసుపత్రి ఆనవాయితీ. ఆమె చేరిన మొదటిరోజే పాత సహాయకుడు చెప్పాడు, "పని చేశాక చేతులు కడుక్కో. తర్వాత ఆయన పేరు రాయి. ఇంతకంటే పెద్ద చదువేం లేదిక్కడ." ఆమెకి అప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు. పైగా ఆ పేరు చివరి అక్షరానికి ముచ్చటగా ఒక తోక కూడా తీసేది. తన రాత బాగుంటుందని ఎవరైనా అంటే పొంగిపోయేది.

"ఆగండాగండి, ఒకచోట ఉందమ్మా!" గుమాస్తా సంబరంగా ఒక వరుస మీద వేలు పెట్టాడు. తర్వాత ఆ వరుస మొదట్నుంచి చదివాడు. నెమ్మదిగా వేలు తీసేశాడు.

ఆమెకి చదవక్కర్లేదు. నాలుగేళ్ల కిందటి నల్లావు. దూడా దక్కలేదు, తల్లీ దక్కలేదు. ఆరోజు డాక్టరుగారు గది గుమ్మంలోనే నిలబడి, "ఇది మాత్రం నీ పేరు మీద రాయమ్మా. చెయ్యి పెట్టింది నువ్వేగా" అన్నారు.

గుమాస్తా పుస్తకాలు మూసి, తన గ్లాసులోని మంచినీళ్లు కిటికీలోంచి ఆమెకి అందించాడు.

"మీ డాక్టరుగారిని ఒక్క ముక్క రాసిమ్మనండి, చేసింది మీరేనని. చాలు. గడువు ఐదింటి వరకే." గొంతు తగ్గించాడు. "నాకు తాళంచెవి ఐదున్నర దాకా కనపడదు లెండి. వయసైపోయింది కదా."

బస్సులో ఉండగా అత్తగారు ఫోన్ చేసింది.

"ఏమ్మాయ్, అయిందా?"

"ఇంకో సంతకం కావాలంట అత్తయ్యా."

"సంతకానికేం భాగ్యం, గీకి పారేస్తాడు. నీ మొగుడు అప్పుడే వీధంతా చెప్పుకొచ్చాడు, మా ఆవిడ డాక్టరని. ఆ నాలుగేళ్లు నీ కూతుర్ని నేను చూసుకుంటాను. ఐదో ఏడంటే మాత్రం నేనుంటానో పోతానో."

"మీరెక్కడికీ పోరు. యముడొచ్చినా వంట నేర్పించి పంపిస్తారు."

"నోరు చూడు!" అని అత్తగారు నవ్వి పెట్టేసింది.

డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. ఎండనపడి వస్తే ముందు కూర్చోమంటారు. ఆరోజూ అన్నారు. ఫ్యాను ఆమె వైపు తిప్పారు. విషయం చెప్పకముందే సొరుగులోంచి టైపు చేసిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు. ఆమె పేరు, పన్నెండేళ్ల సర్వీసు, 'నా పర్యవేక్షణలో ఈ కేసులన్నీ స్వయంగా చేసినారు' అన్న మాట. సంతకం చేయడమే తరువాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"థాంక్సండీ సార్."

"థాంక్సెందుకు, నీ కష్టం. ఇదిగో, ఈ కాగితం మీద కూడా నువ్వో సంతకం పెట్టేస్తే రెండూ ఒకేసారి పంపిద్దాం."

రెండో కాగితంలో నలభై కేసుల నెంబర్లున్నాయి. పాల ఫ్యాక్టరీ యజమాని కొడుకు సెలవుల్లో ఈ ఆసుపత్రిలో చేసినవట. అతనూ ఈ ఏడే కాలేజీలో చేరాడు. కాన్పుల క్లాసు ఒక్కటీ మాఫీ కావడానికి కుర్రవాళ్లకి నలభై చాలట. కింద, 'నా ఎదుట చేసినట్టు సాక్షి' అన్నచోట ఆమె పేరు టైపు చేసి ఉంది. ఆ పేరు అంత స్పష్టంగా అచ్చులో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు.

"ఆ అబ్బాయి ఇక్కడికొచ్చింది ఒక్కసారే సార్. కారు కూడా దిగలేదు. వాసనొస్తోందని అద్దం ఎత్తుకున్నాడు."

"వచ్చాడా లేదా? వచ్చాడు కదా!" డాక్టరుగారు నవ్వారు. "చూడమ్మా, నీకు కావలసింది వంద. నీ దగ్గరున్నవి రెండు వేలు. అందులో నలభై పోతే నీకొచ్చిన నష్టమేంటి? వాళ్ల నాన్న మన షెడ్డుకి రేకులు వేయిస్తానన్నాడు. పోయిన వర్షాలకి పశువుల మీదే కారింది, నువ్వే కదా గోల పెట్టింది."

అదీ నిజమే. ఆమె నెంబర్ల మీద వేలు నడిపించింది. నూటపద్దెనిమిది, మెడ వెనక్కి తిరిగిన దూడ. నూటముప్పైఒకటి, కవల మేకపిల్లలు. ఆరోజు తన కూతురికి జ్వరం. ప్రతి నెంబరుకీ ఆమె భుజంలో ఒక నొప్పి ఉంది.

"ఇతనికి ఆ క్లాసు మాఫీ అయిపోతే, పశువు కడుపులో చెయ్యి పెట్టడం ఎప్పుడు నేర్చుకుంటాడు సార్?"

"అవసరమేముంది? పక్కన ఎవరో ఒక సహాయకురాలు ఉంటుంది."

ఆయన ఆ మాట వెక్కిరింతగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు మామూలుగా అన్నారు. ఆమె కాగితాన్ని బల్ల మీద ఆయన వైపు తోసింది.

"నేను పెట్టను సార్."

"ఆలోచించుకో. ఏడాది చదువు."

"పెట్టను."

డాక్టరుగారు కోప్పడలేదు. టైపు చేసిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. "అయితే నేను మాత్రం అబద్ధం ఎలా రాయనమ్మా? పుస్తకంలో చేసింది నేనేనని ఉంది. నీ రాతే."

నాలుగు కొట్టాక ఒక ముసలాయన తన ఒక్కగానొక్క ఆవుని ట్రక్కులో తెచ్చాడు. ఉమ్మనీరు పోయి మూడు గంటలైందట. ఒక్క గిట్ట మాత్రం బయటికి వచ్చి ఆగిపోయింది. "అమ్మా దూడలమ్మా, నువ్వున్నావని తెలిసి ప్రాణం లేచొచ్చింది" అన్నాడు ముసలాయన. డాక్టరుగారు కిటికీలోంచి చూసి, పేపరు మడత మార్చుకున్నారు.

ఆమె చేతికి భుజం దాకా సబ్బునురుగు రాసుకుని మోకాళ్ల మీద కూర్చుంది. తల పక్కకి ఒరిగి ఉంది. ఒక కాలు లోపల మడత పడి ఉంది. ఆవు ముక్కినప్పుడల్లా చెయ్యి ఎముకకీ ఎముకకీ మధ్య నలిగింది. ఐదవడం ఆమెకి తెలుసు. ఐదున్నర అవడమూ తెలుసు. అక్కడ ఆ మంచి గుమాస్తా జేబులు తడుముకుంటూ ఎంతసేపు నటించాడో. చివరికి దూడ జారి గడ్డి మీద పడింది. కదల్లేదు. ఆమె ముక్కులు తుడిచి, గడ్డిపరకతో గుచ్చి, పక్కటెముకలు రుద్ది రుద్ది, అది తుమ్మేదాకా వదల్లేదు.

ముసలాయన కండువాలో ముఖం దాచుకున్నాడు.

ఆమె పంపు దగ్గర చేతులు కడుక్కుంటుండగా డాక్టరుగారు పుస్తకం, పెన్నూ పట్టుకుని బయటికి వచ్చారు. ఎప్పటిలాగే ఆమె వైపు చాపారు.

"రాసెయ్యమ్మా."

"మీరు రాసుకోండి సార్."

ఆయన అరుగు మీద కూర్చుని, పెన్ను మూత తీశారు. తేదీ వేశారు. యజమాని పేరు అడిగి రాశారు. ఆగారు.

"ముందు కాళ్లా, వెనక కాళ్లా వచ్చింది?"

ఆమె మోచేతి మీది నెత్తురు రుద్దుతోంది.

"నిన్నేనమ్మా. తల ఎటు తిరిగింది?"

"చేసినవారికి తెలుస్తుంది సార్."

నీళ్లు సన్నగా పడుతున్నాయి. వచ్చే సోమవారానికల్లా సీటు ఉంచుకుంటుందో వదులుకుంటుందో చెప్పాలి. ఐదో ఏడు పదకొండు వేలు కూడా ఉండవు. మొదటి ఏడాది బెంచీల మీద, ఆ పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని, పశువుని ఎలా పట్టుకోవాలో ఎవరో చెబుతుంటే రాసుకోవాలి. ఆ కుర్రవాడి కాగితం మీద రేపు ఇంకెవరిచేతనైనా సంతకం పెట్టించుకుంటారు. అదీ ఆమెకి తెలుసు.

సంచిలో ఫోన్ మోగుతోంది. అత్తగారే. ఆమె చేతులు తడిగా ఉన్నాయి.

అరుగు మీద డాక్టరుగారు ఖాళీ గడి వైపు చూస్తూ పెన్నుని పుస్తకానికి ఆనించారు, మళ్లీ ఎత్తారు. చీకటి పడుతోంది. షెడ్డులో ఆవు దూడని నాకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముసలాయన ఆ రాత్రికి అక్కడే పడుకుంటానని తలతోనే సైగ చేసి, లోపలికి వెళ్లి, గడియ చప్పుడు కాకుండా రెండు చేతులతో తలుపు దగ్గరగా వేశాడు.