పెంచుకున్న వయసు

మా నెల్లితోపు పేటలో ఏ పెళ్లి జరిగినా మొదటి తాంబూలం వీధిలో అందరికన్నా పెద్దవాడికే ఇస్తారు. అది నాకు దక్కాలని నా వయసుకు పద్దెనిమిదేళ్లు కలిపేశాను. నా పుట్టుక చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు కదా! కుప్పుస్వామి తాతకు ఎనభై అని వీధంతా నమ్మింది. పోనుపోను నేనూ సగం నమ్మేశాను.

మదాం సంగతి వేరు. తెల్లవాళ్ల వీధిలో ఒంటరిగా ఉండే ఆ ఫ్రెంచి దొరసాని ఏటా ఒక ఏడు తగ్గించుకునేది. జుట్టుకు రంగు, మొహానికి పౌడరు. ముసలితనమంటే ఆమెకు ఏదో దొంగతనం చేసినంత సిగ్గు. నాకు నవ్వొచ్చేది.

రోజూ సాయంత్రం ఆమెను మనిషి తోసే పూస్‌పూస్ బండిలో సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లేవాణ్ణి. ముందు కూర్చుని చక్రం తిప్పే కర్ర పట్టుకుని ఆమె దారి చూపుతుంది, వెనకనుంచి నేను తోస్తాను. పదేళ్లుగా అంతే. మాటల్లేవు. ఉప్పుగాలి, మసకవెలుతురు, చక్రాల కింద ఇసుక చప్పుడు. బండిని నేను తోస్తున్నానో, సముద్రమే లాక్కుంటోందో తెలిసేది కాదు. ఆ గంటసేపు నాకు ఏ వయసూ ఉండేది కాదు.

ఒకనాడు మదాం ఇంటి వంటమనిషి సెంగమలం నా ఎనభై ఏళ్ల సంగతి ఆమె దగ్గర నోరు జారింది. ఆ సాయంత్రం మదాం బండి ఎక్కకుండా నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు ఎనభై?" అంది వచ్చీరాని మా భాషలో. "పాపం. చాలు. రేపు వేరే మనిషి."

గొప్పకు చెప్పిన అబద్ధం నా సాయంత్రాలన్నిటినీ మింగేస్తోంది.

"లేదు మదాం! అరవై రెండే. మర్యాద కోసరం అబద్దం చెప్పినా. పెద్దోడంటే మావోళ్లు ముందు తాంబూలం ఇస్తారు, కాళ్లకు మొక్కుతారు."

"ముసలి అని మొక్కుతారా?"

ఆమెకు నమ్మకం కుదరలేదు. వీధి చివర కనిపించే సముద్రం వైపు మొహం తిప్పుకుంది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "నాకు డెబ్బై మూడు" అంది.

నేను అక్కడే సాష్టాంగపడ్డాను. పడిపోయాననుకుని ఆమె కెవ్వున అరిచింది.

"ఏం కాలేదు మదాం. పెద్దోళ్లు మీరు, దీవించండి."

ఆమె వేళ్లు భయంభయంగా నా తల మీద ఆనాయి. లేచి చూస్తే ఆమె కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. బండెక్కి కర్ర పట్టుకుంది.

"తొయ్యి, తంబీ" అంది.

నన్ను తమ్ముడా అని పిలిచేవాళ్లందరూ పోయి ఎన్నేళ్లయిందో! పెద్దరికం కోసం అంత ఆరాటపడ్డవాణ్ణి, ఆ ఒక్క మాటకు ఏడ్చేశాను. ఏడుస్తూనే బండి తోశాను.